క్రైస్తవ సంఘంలో సహాయ నిధి: నియమాలు ఎలా రాసుకోవాలి, ఎక్కడ దెబ్బతింటుంది?

ఊటబావి
అందరికీ వందనాలు. అన్నవస్త్రాలు లేని సహోదరుడికి "వెచ్చగా ఉండు" అని చెప్పి పంపేస్తే ఏం ప్రయోజనం అని యాకోబు తన పత్రికలో అడిగిన మాట (2:15-16) మీద ప్రసంగాలకు కొదవ లేదు. సోమవారం పొద్దున ఎవరో తలుపు తడితే ఎవరు మాట్లాడాలి, ఎంత ఇవ్వాలి, ఎక్కడ రాయాలి అన్న కాగితం మాత్రం చాలా సంఘాల్లో ఉండదు. యాభై అరవై కుటుంబాల సంఘం అనుకొని చెప్పండి. డబ్బు ఎవరి చేతిలో ఉండాలి? నిర్ణయం ఎవరిది? వస్తువులిస్తే ఎంత కొలత? అప్పు ఇవ్వొచ్చా? దయచేసి "ప్రేమతో చేయండి చాలు" అనకండి, అది అందరికీ తెలిసిందే.

చిట్టాపుస్తకం
డబ్బుతోనే మొదలుపెడదాం, ఎక్కువ సంఘాలు చెడేది అక్కడే.

సహాయ నిధి సాధారణ కానుకల్లో కలిసిపోకూడదు. వేరే ఖాతా, వేరే చిట్టా. కలిపి ఉంచితే భవనం మరమ్మతు వచ్చిన నెలలో మొదట కోత పడేది బీదల వాటాకే. అలా వాడినవాళ్లు దొంగలేమీ కారు, "వచ్చే నెల తిరిగి వేద్దాం" అనుకుంటారు, మరిచిపోతారు.

లెక్కించేటప్పుడు ఇద్దరుండాలి. భార్యాభర్తలో అన్నదమ్ములో కాకుండా ఒకరికొకరు ఏమీ కానివాళ్లు. పెట్టె తెరిచిన చోటే లెక్కించి ఇద్దరూ సంతకం పెట్టాలి. ఇంటికి తీసుకెళ్లి తీరిగ్గా చూసుకోవడం వద్దు. లెక్కించినవాళ్లే చిట్టా రాయకూడదు, చిట్టా రాసేవాళ్లే ఖర్చుకు అనుమతి ఇవ్వకూడదు. నెలాఖరున ఈ మూడు పనులూ చేయని నాలుగో మనిషి బ్యాంకు కాగితాన్ని చిట్టాతో సరిచూడాలి.

ఇది అపనమ్మకం అనుకునేవాళ్లు 2 కొరింథీయులకు 8:18-21 చూడండి. యెరూషలేములోని పరిశుద్ధుల కోసం పోగైన చందాను పౌలు ఒక్కడే మోసుకెళ్లలేదు. సంఘాలు ఏర్పరచిన సహోదరుణ్ణి వెంటబెట్టుకున్నాడు. ప్రభువు దృష్టిలోనే కాదు, మనుషుల దృష్టిలోనూ సక్రమంగా కనబడాలన్నది ఆయన ఇచ్చిన కారణం.

వీలైనంత వరకు నగదు ఇవ్వకండి. అద్దె ఇంటి యజమానికి, ఫీజు పాఠశాలకు, మందుల డబ్బు మందుల దుకాణానికి నేరుగా కట్టి రసీదు తీసుకోండి. యేసు చెప్పిన ఉపమానంలో మంచి సమరయుడు చేసింది ఇదే కదా (లూకా 10:35). దొంగల చేతిలో దెబ్బలు తిన్నవాణ్ణి చూసుకోమని రెండు దేనారాలు సత్రంవాడి చేతిలో పెట్టాడు, మించి ఖర్చయితే తిరిగి వచ్చేటప్పుడు ఇస్తానన్నాడు. దేనారం అంటే ఆనాటి ఒక రోజు కూలి.

రెండుకాసులు
> వీలైనంత వరకు నగదు ఇవ్వకండి

ఇక్కడ నాకు అభ్యంతరం ఉంది. సమరయుడు సత్రంవాడికి ఇచ్చాడు, నిజమే. దెబ్బలు తిన్నవాడు కొనప్రాణంతో ఉన్నాడు మరి! స్పృహలో ఉన్న మనిషికి తన ఇంట్లో ఏది ముందో తెలుసు. సంచి నిండా సరుకులు మోసుకెళ్లేసరికి ఆ ఇంట్లో కొదవ సరుకులకు కాకుండా బస్సు చార్జీకో పొయ్యి ఇంధనానికో అయితే, వాళ్లు ఆ సరుకులే సగం ధరకు అమ్ముకుంటారు. తరవాత మనవాళ్లు "చూశారా, అమ్ముకున్నారు" అంటారు.

తాగుడు, జూదం, ఇంట్లో ఒకరు డబ్బు లాక్కోవడం లాంటివి ఉన్నచోట నేరుగా కట్టండి. మిగతా చోట్ల చిన్న మొత్తం కవరులో పెట్టి ఇవ్వడమే మర్యాద. చిట్టాలో మొత్తం, తేదీ, పుచ్చుకున్నవారి సంతకం ఉంటే చాలు.

చిట్టాపుస్తకం
రెండుకాసులు గారూ, ఒప్పుకుంటున్నాను, ఒక్క షరతుతో. నగదు ఇచ్చేటప్పుడు కూడా ఇద్దరు ఉండాలి. ఒక్కరే ఇస్తే "ఇంత ఇచ్చాను" అన్న మాటకు సాక్ష్యం ఉండదు, నింద పడితే ఇచ్చినవాడి పరువే పోతుంది.

పైమేడగది
నిర్ణయం ఎవరిది అన్నదానికి అపొస్తలుల కార్యములు 6 కన్నా మంచి నమూనా లేదు. అందులో అందరూ దాటేసే సంగతి ఒకటుంది. అనుదిన పరిచర్యలో (రోజూ ఆహారం పంచడంలో) తమ విధవరాండ్రను చిన్నచూపు చూశారని సణిగింది గ్రీకుభాష మాట్లాడే యూదులు. ఏర్పరచిన ఏడుగురి పేర్లు చూడండి: స్తెఫను, ఫిలిప్పు, ప్రొకొరు, నీకానోరు, తీమోను, పర్మెనాసు, నీకొలాసు. అన్నీ గ్రీకు పేర్లే. ఎవరికి అన్యాయం జరుగుతోందో వాళ్ల వైపునుంచే పరిచారకులు వచ్చినట్టు కనబడుతోంది.

కాబట్టి కమిటీలో ముగ్గురుంటే ఒకరైనా ఆ ఇబ్బంది రుచి తెలిసినవాళ్లు ఉండాలి. ఒకరైనా స్త్రీ కావాలి. ఒంటరి తల్లి తన అవసరాన్ని ముగ్గురు మగవాళ్ల ముందు చెప్పుకోలేదు, సగం చెప్పి ఊరుకుంటుంది. కాపరిని (పాస్టరును) కమిటీలో వేయకండి. కాదనాల్సి వచ్చిన రోజున ఆ "కాదు" కాపరి నోట రాకూడదు, లేకపోతే ఆ కుటుంబం ఆరాధనకే రావడం మానేస్తుంది. అడిగినవారు కమిటీ సభ్యుడి బంధువైతే ఆ సభ్యుడు నిర్ణయం నుంచి తప్పుకోవాలి, తప్పుకున్నట్టు చిట్టాలో రాయాలి.

వేగం విషయం. మూడు రోజుల ఆహారానికి సరిపడే మొత్తాన్ని కమిటీలోని ఏ ఒక్క పరిచారకుడైనా అక్కడికక్కడే ఇచ్చి, మరునాటికల్లా మిగతా ఇద్దరికి తెలియజేయొచ్చు. అంతకు మించితే ముగ్గురిలో ఇద్దరి ఒప్పుదల, రెండు రోజుల్లోపు. ఒక నెల అద్దెను మించే ఖర్చయితే పెద్దల సభకు వెళ్లాలి. ఈ మూడు మెట్లూ ముందే రాసి పెట్టుకోకపోతే ఆకలి మీదున్న మనిషి వచ్చే ఆదివారం దాకా కమిటీ కోసం కాచుక్కూర్చోవాలి.

గానుగరాయి
అంతా బాగానే ఉంది. పని చేయకుండా తిరిగేవాళ్ల సంగతి ఏమిటి? పని చేయనొల్లనివాడు భోజనం చేయకూడదని 2 థెస్సలొనీకయులకు 3:10లో ఉంది కదా.

పైమేడగది
ఆ వచనంలో మాట "పనిచేయ నొల్లని" అని. ఒల్లకపోవడం వేరు, పని దొరకకపోవడం వేరు, చేయలేకపోవడం వేరు. మొదటిది ఉందని తేల్చే ముందు మిగతా రెండూ లేవని చూడాలి. కాళ్లకు చెప్పులు, గుర్తింపు కాగితం, పిల్లను చూసుకునే మనిషి, ఈ మూడింట్లో ఏది లేకపోయినా పని చేయాలనుకునేవాడు కూడా చేయలేడు. కళ్లజోడు లేక కుట్టుపని మానేసినవాళ్లకు సరుకుల సంచి కన్నా కళ్లజోడే చవక.

అదే ఉత్తరంలో మూడు వచనాలు కిందికి వెళ్తే, మేలు చేయడంలో విసుక్కోవద్దని కూడా ఉంది. అది ఎవరూ ఎత్తి చూపరు!

తూనికరాయి
వస్తువుల కొలత అడిగారు. సహాయ సంస్థలు లెక్క వేసుకునేటప్పుడు తలకు రోజుకు సుమారు 2,100 కిలో కేలరీలు పెట్టుకుంటాయి. దాన్ని దినుసుల్లోకి మారిస్తే మనిషికి రోజుకు:

ధాన్యం లేదా పిండి 400 గ్రాములు
పప్పుదినుసులు 60 గ్రాములు
నూనె 25 గ్రాములు
చక్కెర 15 గ్రాములు
అయోడిన్ ఉప్పు 5 గ్రాములు

ఇవన్నీ కలిపితే 1,900 దాకా వస్తుంది. మిగతాది కూరగాయలు, పళ్లు, గుడ్లు, పాల నుంచి రావాలి. నలుగురి కుటుంబానికి వారానికి: ధాన్యం 11.2 కిలోలు, పప్పు 1.7 కిలోలు, నూనె 700 గ్రాములు, చక్కెర 420 గ్రాములు, ఉప్పు 140 గ్రాములు. నూనె దగ్గర పొరపాటు పడతారు. లీటరు నూనె కిలో తూగదు, 920 గ్రాముల దగ్గర ఉంటుంది. 700 గ్రాములంటే 760 మిల్లీలీటర్లు.

మొత్తం పద్నాలుగు కిలోలు. అరవై దాటిన మనిషి దీన్ని ఒక్క సంచిలో మోయలేరు. రెండు సంచులు చేయండి, లేదా ఇంటికి చేర్చండి. సబ్బు, బట్టల పొడి ఎప్పుడూ వేరే సంచిలో, లేకపోతే పిండికి ఆ వాసన పట్టి ఎవరూ తినరు.

సంచి కట్టే ముందు నాలుగు ప్రశ్నలు అడగండి. పొయ్యి, ఇంధనం ఉన్నాయా? లేకపోతే గంటసేపు ఉడకాల్సిన పప్పు వాళ్లకు బరువే తప్ప తిండి కాదు. తాగే నీళ్లున్నాయా? ఎవరికైనా షుగరు, రక్తపోటు, కిడ్నీ జబ్బు ఉందా? ఏడాది లోపు పిల్లలున్నారా?

నిల్వ చేసేటప్పుడు బస్తాలు నేల మీద పెట్టకండి. కింద చెక్కలు వేసి జానెడు ఎత్తులో, గోడకు చేయి దూరేంత ఎడంగా ఉంచండి. గోడకు ఆనిస్తే చెమ్మ ఎక్కి వెనక వరస ముక్కిపోతుంది, అది బయటపడేది చివరి సంచి తీసినప్పుడే. ముందు గడువు తీరేది ముందు బయటికి వెళ్లాలి. ఉబ్బిన డబ్బాలు, అతుకు దగ్గర నొక్కుకుపోయినవి, కారుతున్నవి ఎవరికీ ఇవ్వకండి. "మేం తినం గానీ బీదలకు పనికొస్తుంది" అని తెచ్చేవాళ్లుంటారు, మొహమాటపడకుండా వెనక్కి పంపండి.

వండినది పంచేటట్టయితే 60 డిగ్రీల సెల్సియస్ పైన వేడిగా గానీ 5 డిగ్రీల లోపు చల్లగా గానీ ఉండాలి. ఆ రెంటి మధ్య రెండు గంటలు దాటితే పారేయాలి. ఎండాకాలంలో ఒక గంటే లెక్క.

తెల్లకోటు
తూనికరాయి గారి చివరి ప్రశ్నకు కొనసాగింపు. ఆరు నెలల లోపు బిడ్డకు తల్లిపాలు తప్ప మరేదీ వద్దు, నీళ్లు కూడా. కాబట్టి పాలపొడి డబ్బా అందరి సంచుల్లో వేయకండి. ఉచితంగా వచ్చిందని తల్లి పాలివ్వడం తగ్గిస్తే ఆమెకు పాలు తగ్గిపోతాయి. డబ్బా అయిపోయాక కొనే స్తోమత ఉండదు, ఉన్న పొడిలోనే నీళ్లు ఎక్కువ కలుపుతారు. పాలివ్వలేని తల్లి ఉంటే ఆ ఒక్కరికి ఆరోగ్య కార్యకర్త ద్వారా ఏర్పాటు చేయండి. ఏడాది లోపు పిల్లలకు తేనె కూడా వద్దు, బొటులిజం అనే విషవ్యాధి ప్రమాదం ఉంది.

విరేచనాలతో ఉన్న ఇంటికి వెళ్లినప్పుడు ఓఆర్ఎస్ పొట్లం ఉంటే అదే మేలు. లేకపోతే లీటరు శుభ్రమైన నీటిలో చదునుగా తీసిన ఆరు చిన్న చెంచాల (టీ స్పూన్ల) చక్కెర, అదే చిన్న చెంచాతో అర చెంచా ఉప్పు. ఉప్పు ఎక్కువైతే మేలు బదులు కీడు జరుగుతుంది, గుప్పెడు చిటికెడు లెక్కలు వద్దు. కలిపింది 24 గంటలకు పారబోయాలి. కళ్లు లోతుకు పోయినా, మూత్రం ఆగిపోయినా, మలంలో రక్తం కనిపించినా, బిడ్డ మందకొడిగా పడి ఉన్నా ఆసుపత్రికి, వెంటనే.

ఐదు రోజులు దాటి ఏమీ తినని మనిషి దొరికితే జాలితో కడుపునిండా పెట్టకండి. ఒక్కసారిగా తింటే రక్తంలో ఫాస్ఫేటు, పొటాషియం పడిపోయి గుండె లయ తప్పొచ్చు. డాక్టరు చూపులోనే కొంచెం కొంచెంగా మొదలుపెట్టాలి.

రోగుల పరామర్శకు వెళ్తే పదిహేను నిమిషాలు చాలు. లోపలికి వెళ్లేటప్పుడు, వచ్చేటప్పుడు చేతులు కడుక్కోండి. మంచం మీద కూర్చోవద్దు. నర్సును అడగకుండా నోట్లో నీళ్లు కూడా పోయొద్దు, ఆపరేషనుకు సిద్ధం చేసినవారై ఉండొచ్చు. ఇది మాత్రం గట్టిగా చెప్తున్నా: ప్రార్థన చేశాం కాబట్టి మాత్రలు ఆపేయండి అని ఎవరూ అనకూడదు. మూర్ఛ మందు, షుగరు ఇన్సులిన్, మానసిక వైద్యం మందులు హఠాత్తుగా ఆపితే ప్రాణం మీదికొస్తుంది. పౌలు తిమోతికి కడుపు జబ్బుకు ద్రాక్షారసం పుచ్చుకోమన్నాడు (1 తిమోతికి 5:23), విశ్వాసం చాలలేదనలేదు.

తబితసూది
బట్టల గురించి ఎవరూ మాట్లాడలేదు, ఒక్క ముక్క. దొర్కా చనిపోయినప్పుడు విధవరాండ్రు పేతురుకు చూపించింది ఆమె కుట్టి ఇచ్చిన అంగీలు, వస్త్రాలు (అపొ. కా. 9:39). పాత గుడ్డల మూట కాదు. ఉతికి, గుండీలు కుట్టి, కొలత చీటీ అంటించాకే బల్ల మీద పెట్టండి. లోదుస్తులు, మేజోళ్లు కొత్తవే. చెప్పులు జతగా కట్టేయండి, ఒంటి చెప్పు వెతకడానికే ఒక పూట పోతుంది. వచ్చినవాళ్లే ఎంచుకునేలా పరిస్తే మిగిలేది తక్కువ, చేతికి ఏది వస్తే అది ఇస్తే సగం రోడ్డు పక్కన తేలుతుంది.

గానుగరాయి
అప్పు సంగతి? నా ఉద్దేశం, అసలు ఇవ్వకూడదు. ఇస్తే దానం, లేకపోతే లేదు. అప్పు తీసుకున్నవాడు కట్టలేని నెలలో ముఖం చాటేస్తాడు. ఆ డబ్బు పోతే పోయింది, మనిషి పోతాడు. లూకా 6:35 కూడా అప్పిచ్చినా తిరిగి ఆశించకుండా ఇమ్మంటోంది.

రెండుకాసులు
దానమే అందరికీ గౌరవం అనుకోవడం పొరపాటు. కొందరికి ఊరికే పుచ్చుకోవడం ప్రాణసంకటం. పనిముట్లు కొనుక్కోవడానికి వడ్డీ లేని చేబదులు ఇవ్వొచ్చు, నిర్గమకాండము 22:25 వద్దన్నది వడ్డీనే. కాకపోతే సహాయ నిధి నుంచి కాదు, వేరే పెట్టె. మొదటి వాయిదా నెల తిరిగాక కాకుండా రాబడి మొదలయ్యాక. హామీదారు వద్దు, తాకట్టు వద్దు. రెండు వాయిదాలు తప్పితే వెళ్లి అడగాల్సింది వసూలుకు కాదు, ఏమైందో తెలుసుకోవడానికి. మూడోసారికి కమిటీయే అప్పు రద్దు చేసి కాగితం చింపి తీసుకున్నవారి చేతిలో పెట్టాలి. ఈ రద్దు నియమం ముందే రాసిపెట్టి ఉండాలి.

గానుగరాయి
అంత నియమంగా నడిపే సంఘాలు ఎన్ని? నా మాట మీదే ఉంటాను.

చిట్టాపుస్తకం
ఇంకొక సంగతి. అప్పుల్లో మునిగినవాళ్లకు నిధి డబ్బుతో వడ్డీవ్యాపారికి కట్టకండి. ముందు ఇల్లు, కరెంటు, నీళ్లు, తిండి, పనికి వెళ్లే ఖర్చు. ఆ తరవాత అప్పులన్నీ ఒక కాగితం మీద పెట్టి, అసలెంత, వడ్డీ ఎంత, కాగితం ఉందా లేదా అని రాయించండి. సగం మందికి తమ మొత్తం బాకీ ఎంతో తెలియదు, భయంతో ఎప్పుడూ కూడి చూసి ఉండరు.

ఊటబావి
ఇళ్లకు వెళ్లి విచారించడం ఎలా? నిజంగా అవసరం ఉందో లేదో తెలియాలి కదా.

పైమేడగది
ద్వితీయోపదేశకాండము 24:10-11 చదవండి. అప్పిచ్చినవాడు తాకట్టు కోసం ఇంట్లోకి దూరకూడదు, బయటే నిలబడాలి, ఆ మనిషే తెచ్చి ఇస్తాడు. బీదవాడి గడపకు కూడా మర్యాద ఉందని ధర్మశాస్త్రమే చెప్తోంది. వంటింటి డబ్బాలు తెరిచి చూడటం, "ఫోను ఉంది కదా" అనడం, పిల్లల్ని పక్కకు పిలిచి అడగడం, ఇవేవీ విచారణ కిందికి రావు. ముందే చెప్పి వెళ్లండి, ఇద్దరు వెళ్లండి, వాళ్లు కూర్చోమంటే కూర్చోండి. ఒంటరి స్త్రీ ఇంటికైతే ఇద్దరిలో ఒకరు స్త్రీ. పిల్లలతో పెద్దవాళ్లు ఒక్కరే గదిలో ఉండకూడదు, అది కాపరికీ వర్తిస్తుంది.

అడగాల్సినవి తక్కువే. ఇంట్లో ఎంతమంది, ఈ వారం గడవడానికి ఏం కావాలి, ఎవరైనా ఇప్పటికే సాయం చేస్తున్నారా, ప్రభుత్వ పింఛను లాంటిది రావాల్సి ఉండి ఆగిపోయిందా. ఈ చివరిది చాలాసార్లు అసలు పరిష్కారం. ఒక దరఖాస్తు నింపి పెడితే, కార్యాలయానికి తోడు వెళ్తే, ఏడాది పొడవునా నిధి ఇవ్వలేనిది ప్రతి నెలా వస్తుంది. విధవల విషయంలో 1 తిమోతికి 5 కూడా ముందు పిల్లలూ మనవలూ బాధ్యత తీసుకోవాలంటుంది. బంధువులు ఉన్నారా అని అడగండి, ఆమె వద్దంటే మాత్రం వాళ్లకు ఫోను చేయకండి.

ఫొటోలు తీయొద్దు. సంచి అందుకుంటున్న ఫొటో సంఘం గ్రూపులో పడితే, ఆ ఇంటి పిల్ల మరునాడు బడిలో తల ఎత్తలేదు. దాతకు లెక్క కావాలంటే పేర్లు లేకుండా "ఈ నెల 9 కుటుంబాలు, ఇంత మొత్తం" అంటే సరిపోతుంది. చిట్టాలో పేరుకు బదులు నంబరు, పేర్ల జాబితా తాళం వేసిన చోట, ఇద్దరి దగ్గరే.

తెల్లకోటు
ఆ గోప్యతకు హద్దులున్నాయి, పరిచారకులకు మొదటి రోజే చెప్పాలి. బిడ్డ మీద హింస తెలిస్తే ఎవరికీ చెప్పనని మాట ఇవ్వకూడదు, చట్టం చెప్పిన చోట తెలియజేయాలి. భర్త కొడుతున్నాడని ఒక స్త్రీ చెప్తే ఇద్దరినీ కూర్చోబెట్టి రాజీ చేయకండి. ఆమె ఆ మాట చెప్పిందని అతనికి తెలిసిన రాత్రే అన్నిటికన్నా ప్రమాదం. ఆమెతో విడిగా మాట్లాడండి, వెళ్లాలో ఉండాలో ఆమే తేల్చుకోవాలి, ఎక్కడికి వెళ్లిందో సంఘంలో ఎవరికీ తెలియకూడదు. చావాలనిపిస్తోందని ఎవరైనా అంటే సూటిగా అడగండి, అడిగినంత మాత్రాన ఆ ఆలోచన కొత్తగా పుట్టదు. ఒంటరిగా వదలకండి, మాత్రలు, పురుగుమందు అందకుండా తీసి డాక్టరు దగ్గరికి తోడు వెళ్లండి. ప్రార్థన తప్పకుండా చేయండి, దాంతోపాటే ఇవన్నీ.

గానుగరాయి
సంఘం బయటివాళ్లకు కూడా ఇవ్వాలా? ఆరాధనకు వస్తామంటేనే ఇవ్వడం మంచిది కాదా, కనీసం సువార్త వింటారు.

రెండుకాసులు
గలతీయులకు 6:10 అందరికీ అని, విశేషంగా విశ్వాస గృహానికి అని రెండూ చెప్తుంది. కాబట్టి నిధిలో బయటివాళ్ల కోసం ఒక వాటా ముందే తీసిపెట్టండి, లేకపోతే "విశేషంగా" కాస్తా "మాత్రమే" అయిపోతుంది. షరతు పెట్టొద్దు. సరుకుల కోసం వచ్చి కూర్చున్నవాడు సరుకులు ఆగిన రోజే మానేస్తాడు, మధ్యలో విన్నదంతా సంచి వెల కింద జమ కట్టుకుంటాడు. ప్రార్థన చేయమంటారా అని అడగండి, అదీ సాయం అందించాక. వద్దంటే నవ్వి సరే అనండి.

రోమా సంఘ అధ్యక్షుడు (బిషప్పు) కొర్నేలియు క్రీ.శ. 251 ప్రాంతంలో రాసిన లేఖ ప్రకారం అక్కడి సంఘం 1,500 మందికి పైగా విధవలను, ఆపదలో ఉన్నవారిని పోషించేది. యూసేబియు తన సంఘ చరిత్రలో దాన్ని భద్రపరిచాడు. అదే లేఖలో పరిచారకులు ఏడుగురే అని ఉంది, అపొస్తలుల కార్యముల లెక్కే. ఆ ఏడుగురూ ఎంత చిట్టా రాసి ఉంటారో!

ఊటబావి
ఆఖరి ప్రశ్న. నిధి ఖాళీ అయిన నెలలో ఎవరైనా వస్తే?

చిట్టాపుస్తకం
పూర్తిగా ఖాళీ కానివ్వకండి. నెల సగటు ఖర్చుకు రెండింతలు అడుగున ఉంచి, అది కరుగుతుంటే ఆ ఆదివారమే ప్రకటించండి. అయినా నిండుకుంటే "లేదు" అని అప్పుడే చెప్పండి. "చూద్దాం" అన్నారంటే ఆ మనిషి వేరే తలుపు తట్టకుండా మీ కోసమే ఆగిపోతారు. ఊళ్లో ఇంకెవరు సాయం చేస్తారో, ఏ రోజుల్లో తెరిచి ఉంటారో, ఏ కాగితాలు అడుగుతారో రాసిన జాబితా తలుపు దగ్గర ఉండాలి. మూడు నెలలకోసారి ఆ నంబర్లన్నిటికీ ఫోను చేసి సరిచూడండి, వాటిలో కొన్ని ఎప్పుడో పనిచేయడం మానేసి ఉంటాయి.

ఊటబావి
నమూనా నియమాల కాగితం ఒక పేజీలో రాసి రేపు ఇక్కడే పెడతాను. అప్పు సంగతి రెండు రకాలుగానూ రాస్తాను, ఏ సంఘానికి ఏది కావాలంటే అది ఉంచుకోవచ్చు.

గానుగరాయి
నాది పైన పెట్టండి.